రేపటికి తడిపిన ఆకు

గంగవ్వ శవం పొద్దున ఆరున్నరకు బావిలో తేలింది.

కోరుట్ల శివారు. బీడీ కార్ఖానా వెనక మక్కచేను. చేను దాటితే ఆ బావి. ఎనిమిదింటికి పంచనామా మొదలైంది. తొమ్మిదింటికల్లా అందరికీ సమాధానం దొరికింది. తెల్లవారుజామున నీళ్లకు పోయింది. కాలు జారింది. తల వెనక గాయమా? గట్టు రాయి తగిలి ఉంటుంది.

లేనివాళ్ల చావులే ఇంత తొందరగా తేలిపోతాయి. ఎస్.ఐ. వనితకు అక్కడే ఒళ్లు మండింది.

పంచనామాకు సాక్షిగా నర్సింగం ముందుకొచ్చాడు. బీడీ కార్ఖానా కమీషన్ ఏజెంట్. తెల్ల చొక్కా, మెడలో కండువా. ఆడవాళ్లకు తునికాకు, తంబాకు తూచి ఇచ్చేది, చేసిన బీడీలు తీసుకునేది అతనే.

“ఆఖరుసారి ఎప్పుడు చూశారు?” వనిత అడిగింది.

“నిన్న మూడింటికి మేడం. పీరీల పండుగకు కార్ఖానా మూడు రోజులు బంద్. నాకు బీడీలు అప్పజెప్పి, నా దగ్గర మూడు దినాల ఆకు తీస్కొని పోయింది. నాలుగింటికి నేను మెట్‌పల్లి పోయిన, మా బిడ్డ ఇంటికి. పొద్దుగాల ఫోనొస్తే అచ్చిన.”

“ఇంటికి చేరిందని ఎట్లా తెలుసు?”

“ఆకు తడిపి పెట్టింది గద మేడం, పొద్దుగాల ఆమె ఇంట్ల అందరు చూసిండ్రు. రేపు చేసే బీడీలకు ఇయ్యాల పొద్దుగూకినంక తడుపుతరు. అంటే అప్పటిదాంక బతికే ఉన్నది.”

హెడ్ కానిస్టేబుల్ ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. నర్సింగం కింద సంతకం పెట్టాడు.

వనిత గంగవ్వ ఇంటికి వెళ్లింది. ఒకటే గది. తాళం లేదు, గొళ్లెం మాత్రమే. మూలన తడి గోనెపట్టా. విప్పి చూసింది. తడిసిన తునికాకు వాసన గుప్పుమంది. వనిత పుట్టింది సిరిసిల్లలో, ఇంటింటా బీడీలు చేసే ఊళ్లో. పదో తరగతి దాకా ఆ వాసనలోనే చదువుకుంది.

ఆ గోనెపట్టా ముందు చాలాసేపు కూర్చుంది. ఫోటోలు తీయించింది. పక్కనున్న ఆకు సంచి దులిపి చూసింది, ఖాళీ.

పదిన్నరకు గంగవ్వ కూతురు సుస్మిత వచ్చింది. జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“మీ నాన్నకు చెప్పారా?”

“దుబాయిల ఉన్నడు మేడం. పాస్‌పోర్టు కంపెనోళ్ల దగ్గరుంది. మీ అమ్మను వీడియోల సూపియ్యి బిడ్డా అన్నడు.”

వనిత ఆమెను గడప మీద కూర్చోబెట్టింది. తర్వాత అడిగింది.

“అమ్మకు ఎవరితోనైనా గొడవ ఉందా?”

“నర్సింగం సేటుతోనే. కార్డు గురించి.”

“ఏం కార్డు?”

“పీఎఫ్ కార్డు. అమ్మకు కార్డు లేదు మేడం. కొత్తయి ఇయ్యరు. లచ్చవ్వ అని ఒకామె మస్కట్ పోయింది, ఇంటిపనికి. మళ్ల పత్తా లేదు. ఆమె కార్డు మీద అమ్మను చెయ్యమన్నడు సేటు. పద్దెనిమిదేండ్లు చేసింది. పీఎఫ్ కట్టయ్యేది అమ్మ కూలిలకెల్లి. జమయ్యేది లచ్చవ్వ పేరు మీద.”

“మరి మీరేం చేశారు?”

“పీఎఫ్ పై ఆఫీసుకు అర్జీ పెట్టినం. నేనే రాసిన. కార్డు ఒకరిది, చేతులు ఒకరివి, పీఎఫ్ ఎవరికి చెందుతది, పింఛన్ ఎవరికస్తది, చట్టం ఏమంటదో రాసి చెప్పుండ్రి అని.”

“జవాబు వచ్చిందా?”

“అచ్చింది. పని ఇచ్చిందెవరో రుజువు పంపితే రూల్ చెప్తం అన్నరు. ‘గంగవ్వ నా దగ్గర చేస్తది’ అని సేటు ఒక్క మాట రాసియ్యాలె. బీడీలు అప్పజెప్పేటప్పుడు అడుగుత అన్నది అమ్మ.”

“ఎప్పుడు?”

“నిన్ననే.”

వనిత గది నలుమూలలా చూసింది.

“బీడీలు దేంట్లో పెట్టుకుని పోయేది?”

“ఎర్ర టబ్బుల. అంచు పలిగితే నేనే సైకిల్ ట్యూబుతోని కట్టిన.”

టబ్బు ఇంట్లో లేదు.

పన్నెండింటికి కార్ఖానా చెకర్ సామేలు స్టేషన్‌కు వచ్చాడు. బీడీలు చూసి, బాగాలేనివి విరిచి పారేసే ఉద్యోగం. అంతకుముందు రోజే గంగవ్వ బీడీలు దోసెడు విరిచాడు. ఆమె అందరి ముందు తిట్టిపోసింది.

“కోపం ఉందా ఆమె మీద?”

“తిట్టని ఆడమనిషి లేదు మేడం. ఎంతమంది మీదని కోపం పెట్టుకుంట?”

“మూడింటికి ఎక్కడున్నావు?”

“సేటు గోదాంకు పొమ్మన్నడు. నేను పోయేటప్పుడు ఆళ్లిద్దరే ఉన్నరు.”

నర్సింగాన్ని ఫోన్లో అడిగితే ఇంకోలా చెప్పాడు. “ఆఖరుకు ఆమెతోని ఉన్నది సామేలే మేడం. పొద్దుగూకినంక ఆడు ఏడ తిరిగిండో అడుగుండ్రి. నేనైతే మెట్‌పల్లిల ఉన్న.”

సాయంత్రం అయిదింటికి వనిత నర్సింగాన్ని, సామేలును కార్ఖానాకు పిలిపించింది. బీడీలు చేసే ఆడవాళ్లు కూడా వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. సుస్మిత వాళ్ల మధ్య ఉంది.

వనిత రెండు సంచుల ఆకు పెట్టించింది. రెండు టబ్బుల నీళ్లు. రెండు గోనెపట్టాలు.

“ఒక్కో సంచిలో మూడు రోజుల ఆకు ఉంది. రేపు పొద్దున ఒక మనిషి కూర్చుని బీడీలు చేయాలి. ఆకు తడిపి పెట్టండి. ఇద్దరూ.”

నర్సింగం నవ్వాడు. “గిదేం పరీక్ష మేడం?”

“తడపండి.”

సామేలు సంచిలోంచి కొన్ని కట్టలే తీశాడు. నీళ్లలో ముంచాడు. దులిపాడు. గోనెపట్టాలో చుట్టి పక్కన పెట్టాడు. మిగతా సంచి మూతి కట్టి, తడి తగలకుండా అటక మీదికి ఎక్కించాడు.

నర్సింగం సంచి ఎత్తాడు. మొత్తం టబ్బులో కుమ్మరించాడు.

గోడ దగ్గర ఎల్లవ్వ అనే ముసలామె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “ఆకంత పాయె గదనే.”

నర్సింగం చేతులు తుడుచుకుంటూ ఆగిపోయాడు.

“ఏమైంది పెద్దమ్మా?” వనిత అడిగింది.

“తడిపినాకు తెల్లారే అయిపోవాలె బిడ్డా. నిలువ ఉంటే బూజు పడ్తది. ఎంత చేస్తమో అంతే తడుపుతం.”

వనిత నర్సింగం ఎదుట నిలబడింది. ఇప్పుడు ఆమె గొంతులో ‘మీరు’ లేదు.

“గంగవ్వ ఇంట్లో మూడు రోజుల ఆకూ తడిసి ఉంది. పద్దెనిమిదేళ్లు చేసిన మనిషి అట్లా తడుపుతుందా? ఆకు బూజు పడితే వీళ్ల కూలిలో కోసేది ఎవరు? నువ్వే. కోసుకోవడం తెలుసు. తడపడం తెలీదు. వీళ్ల చేతుల మీద బతికావు, వీళ్లు ఏం చేస్తారో ఒక్కనాడు చూడలేదు.”

“గదొక్కటి పట్టుకొని…”

“రెండోదీ ఉంది.”

కానిస్టేబుల్ హరీశ్ తంబాకు బస్తాల వెనక నుంచి ఎర్ర టబ్బు తెచ్చి పెట్టాడు. అంచుకు సైకిల్ ట్యూబు. సుస్మిత దాన్ని చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“టబ్బు ఇంటికి పోలేదు. అంటే గంగవ్వా పోలేదు. శవాన్ని చేను దాటించి బావిలో వేశావు. మెట్‌పల్లి పోతూ దారిలో ఆకు ఆమె ఇంట్లో తడిపావు. ఆమె సాయంత్రం దాకా బతికే ఉందని మేము రాసుకోవాలి. అప్పటికి నువ్వు ఊళ్లో ఉండకూడదు, అదీ నీ ఎత్తు.”

“నేనెందుకు సంపుత? ఆమె నా మనిషే కాదు. నా దగ్గర ఆమెకు కార్డే లేదు.”

“మరి మూడు రోజుల ఆకు ఎవరికిచ్చావు?”

నర్సింగం కండువాతో మొహం తుడుచుకున్నాడు. త్రాసు పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు.

“సంపాలనుకోలే. రాసియ్యి, రాసియ్యి అని దర్వాజకు అడ్డం నిలవడ్డది. నూకిన. త్రాసు ఇనుప దిమ్మెకు తలకాయ తాకింది.”

“ఒక్క మాట రాసిస్తే నీకేం పోయేది?”

“ఒక్కదానికి రాసిస్తే అందరు అడుగుతరు.”

గోడ వెంబడి ఆడవాళ్లు కదల్లేదు. అతని మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. హరీశ్ బేడీలు వేసి జీపు ఎక్కించాడు.

వనిత సుస్మిత దగ్గరికి వచ్చింది. పంచనామా నకలు ఆమె చేతిలో పెట్టింది.

“దీన్ని పై ఆఫీసుకు పంపు. పని ఇచ్చింది ఎవరో అడిగారు కదా.”

సుస్మిత చదివింది. ‘నాకు బీడీలు అప్పజెప్పి, నా దగ్గర మూడు దినముల ఆకు తీసుకొని పోయినది.’ కింద నర్సింగం సంతకం. మళ్లీ మొదటినుంచి చదివింది.

“బతికున్నప్పుడు అడిగితే రాసియ్యలేదు అక్కా,” అంది. “శవం పక్కన కూసోని రాసిచ్చిండు.”

వనిత ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఎల్లవ్వ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు.

“నేను గూడ ఎవరిదో కార్డు మీదనే చేస్తున్న బిడ్డా. ఆ అర్జీ ఎట్ల రాసినవో నాకొకటి రాసియ్యి.”

సుస్మిత ఎర్ర టబ్బు బోర్లించి దాని మీద కూర్చుంది. సామేలును కాగితం అడిగింది.