ఊదారంగు బొటనవేలు

డెమాన్‌స్ట్రేటర్ సూర్యారావు ఎదురుపడితే గంగాధర్ ఇవాళ్టికీ నమస్కారం పెట్టడు. 1979లో ఆ మనిషి నోరు మూసుకుని ఉంటే పెట్టేవాడే.

అమలాపురంలో ఓ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గంగాధర్ అటెండరు. ఎనిమిదో క్లాసుతో చదువు ఆగిపోయినా, నిన్‌హైడ్రిన్ సంగతి అతన్నే అడగాలి. లేత పసుపు పొడి. స్పిరిట్‌లో కరిగించి కాగితం మీద చల్లి వేడి చూపిస్తే, ఎమినో యాసిడ్లు ఉన్నచోటల్లా ఊదారంగు తేలుతుంది. మనిషి చెమటలోనూ అవే ఉంటాయి. అందుకే ఆ కాగితాన్ని చేత్తో ముట్టకూడదు.

ఓ రోజు ఫైనలియర్ విద్యార్థిని రూతు చల్లిన కాగితం నడిమధ్యన ఎవరిదో బొటనవేలి ముద్ర తేలింది.

"కొబ్బరికాయలు ఒలిచే చేతులకి ల్యాబు అప్పజెబితే ఇంతే," అన్నాడు సూర్యారావు, క్లాసంతా వినేలా. "రేపే ప్రిన్సిపాల్‌గారికి రాస్తాను. నీ ఉద్యోగం అయిపోయింది."

"నేను ముట్టుకోలేదండి."

రూతు కొత్త కాగితం తీసింది. "గంగాధర్ గారూ, మీ బొటనవేలు ఇలా నొక్కండి."

చల్లి ఓవెన్‌లో పెట్టింది. అతని ముద్రకి అడ్డంగా తెల్లటి గీత తేలింది. చిన్నప్పుడు కత్తి తెగి పడ్డ మచ్చ. పాడైన కాగితం మీద ఆ గీత లేదు.

"నిన్న ఈ కాగితం మీరూ తీసి చూసేరు కదా సార్. మీ వేలు కూడా ఇవ్వండి."

సూర్యారావు చేతులు జేబుల్లో దూర్చేశాడు. క్లాసు గొల్లుమంది.

వారం తరవాత, వాన కొబ్బరాకుల మీద దరువేస్తుంటే, రూతు ఓ తెల్లకాగితం ఇచ్చింది.

"ఏం రాసేరండి?"

"రాస్తే చదవడానికి బద్ధకం అన్నారుగా. చల్లి చూసుకోండి."

చల్లి, వేడి చేశాడు. ఐదు వేళ్ళూ, నిండు అరచెయ్యీ, ఊదారంగులో. ఆ కంగారులో మందు ఒలికి అతని బొటనవేలు కూడా ఊదారంగుకి తిరిగింది.

మర్నాడు రూతు ఆ వేలు చూసింది. "నా వేలికీ పుయ్యండి."

"వారం దాకా పోదండి."

"పోకూడదనే."

జత కలిసిన ఆ రెండు వేళ్ళూ సూర్యారావు కంటబడ్డాయి. బస్సెక్కి కొత్తపేట వెళ్ళి, గంగాధర్ తండ్రి వెంకటస్వామి చెవిలో వేశాడు.

పెళ్ళి మాటకి రూతు తండ్రి సాలమోను మేష్టారు వచ్చేసరికి వెంకటస్వామి కాగితం రాయించి ఉంచాడు. సాక్షి సూర్యారావే.

"ఆళ్ళ తాత మన తోటలో గోతులు తవ్వినోడురా. ఆ పిల్లే కావాలంటే, తోటలో నీ వాటా వదులుకున్నట్టు సంతకం పెట్టు."

"తవ్విన మాట నిజమేనండి," అన్నారు సాలమోను. "ఆ గోతుల్లోనే మీ చెట్లు కాసేయి. మా పిల్ల బి.యస్సీ, మీవాడు ఎనిమిది. తగ్గింది మేం కదండీ."

"నీకు ఆ పిల్లే కావాలా?" అన్నాడు వెంకటస్వామి కొడుకుతో.

"ఆయ్."

గంగాధర్‌కి సంతకం వచ్చు. అయినా సిరా పూసుకుని, గీత స్పష్టంగా పడేలా బొటనవేలు నొక్కాడు.

"ఇది నాది కాదని ఎవరూ అనలేరు నాన్నగారూ. సాక్షిగారినీ వేలే వెయ్యమనండి. ల్యాబులో పాత కాగితం దాచేను, పోల్చుకుందాం."

సూర్యారావు గబగబా సంతకం గీకేశాడు.

రూతు చెయ్యి దక్కింది. పోయింది ఎకరం పద్దెనిమిది సెంట్ల కొబ్బరితోట.