సున్నా చూపిన మీటరు

డిటెక్టివ్ వేణుమాధవ్ ఆఫీసు లాల్‌దర్వాజాలో ఒక గాజుల దుకాణం పైన ఉండేది. 2008 వేసవిలో ఒక ఉదయం మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోయింది. లేచి కిటికీలోంచి వీధిలోకి తొంగిచూసింది, మళ్లీ వచ్చి కూర్చుంది. అసిస్టెంటు ఉదయశ్రీ మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

“నా పేరు హరిప్రియ అండీ. బిల్డింగులకి మీటర్లు పెట్టి, జనరేటర్ ఎంత నడిచిందో, ఎంత పొగ వదిలిందో కంప్యూటర్లో చూపించే కంపెనీలో ఇంజనీర్ని. మా మీటరున్న ప్రతి బిల్డింగులో ఈ ఏడాది పొగ సగానికి తగ్గిస్తామని మా ఎండీ శ్రీవత్సగారు విదేశీ భాగస్వాములకి మాటిచ్చారు. మొన్న వాళ్లు అఫ్జల్‌గంజ్‌లో మా ఆఫీసున్న కాంప్లెక్స్ చూడ్డానికొచ్చారు. ఆ సాయంత్రమే వాచ్‌మన్ అంజన్న గేటు దగ్గర కుర్చీలో చనిపోయి కనిపించాడు. గుండెపోటన్నారు.”

“మరి నీకెందుకమ్మా భయం?”

“స్నానం చేయిస్తుంటే ముక్కుల్లోంచి మసి వచ్చిందని ఆయన భార్య ఆగమ్మ ఏడ్చింది. నా కంప్యూటర్లో చూస్తే ఆ రోజు జనరేటర్ అసలు నడవనేలేదు. సార్‌ని అడిగాను. నోరు మూసుకోకపోతే నువ్వే ఇరుక్కుంటావన్నారు.”

వేణుమాధవ్ ఉదయశ్రీనీ హరిప్రియనీ వెంటబెట్టుకుని అప్పటికప్పుడే బయలుదేరాడు.

ఆగమ్మ కాంప్లెక్స్ వెనక సందులోనే ఉంటోంది. “ఆయనకు బీమారేం లేకుండె బాపు” అంది. “ఆ దినం పొద్దు గూకకముందే కరెంటు పోయింది. చీకటైనంక గూడ బస్తీల లేకుండె. దీపం పెట్టుకొని బువ్వ వండిన. ఆయన తినేతందుకు రాలే.”

కాంప్లెక్స్ యజమాని బాలకిషన్ తన బట్టల దుకాణంలో విసుగ్గా ఉన్నాడు. “నేను ఆ రోజు సికింద్రాబాద్‌ల లగ్గానికి పోయిన భాయ్. జనరేటర్ పెరట్ల ఉన్నది, చూస్కో. పాతదాన్ని కంపెనోళ్లే తీస్కపోతమన్నరు. కింద గోదాం తాళం గూడ వాళ్ల తాననే ఉన్నది.”

శ్రీవత్స మాత్రం పై అంతస్తులో చిరునవ్వుతో ఎదురొచ్చాడు. “మునిమాపు వేళ అతిథుల్ని లిఫ్టులో డాబా మీదికి తీసుకెళ్లానండీ. చుట్టూ అన్ని బిల్డింగులూ పొగ కక్కుతున్నాయి, మాదొక్కటే శుభ్రంగా ఉంది. వాళ్లు ముచ్చటపడిపోయారు. అంజన్న అంటారా, పాపం, వయసైపోయింది.”

మెట్లు దిగుతూ ఉదయశ్రీ గొంతు తగ్గించింది. “బాలకిషనే మీటరు తీగ పీకించి ఉంటాడండీ.”

“మీటరు అబద్ధం చెప్పలే” అన్నాడు వేణుమాధవ్.

అతను భవనం చుట్టూ తిరిగాడు. వెనక గోడలో, నేలకు ఆనుకుని గోదాం వెంటిలేటర్ ఉంది. దాని నిండా మెరుస్తున్న కొత్త టేపు అంటించి ఉంది. టేపు అంచుల్లో మసి. కిందే ఆగిన హరిప్రియ వంగి చూసి వెనక్కి తగ్గింది. “ఇది మేం మీటరు పెట్టెలకి వేసే టేపండీ.”

మర్నాడు మధ్యాహ్నం, వేణుమాధవ్ కబురందుకున్న ఇన్‌స్పెక్టర్ అందర్నీ గోదాం ముందుకు పిలిపించి, శ్రీవత్స చేతే తాళం తీయించాడు. ఖాళీ మీటరు పెట్టెల వెనక పాత జనరేటర్ ఉంది. దాని తీగ గోడ వెంబడి లిఫ్టు దాకా పోయింది.

“ఆ సాయంత్రం బస్తీల కరెంటు లేదు” అన్నాడు వేణుమాధవ్. “చుట్టూ జనరేటర్లు నడుస్తున్నయని శ్రీవత్స గారే చెప్పిన్రు. మరి ఈ లిఫ్టు దేని మీద నడిచింది? పెరట్ల ఉన్నదానికి మీటరున్నది, అది నడవలే. మీటరు లేనిది ఇదొక్కటే. పొగ బయట కనబడొద్దని వెంటిలేటర్ మూసిన్రు. నడిపేతందుకు అంజన్నను లోపలికి పంపిన్రు. బాలకిషన్ ఊర్ల లేడు. తాళమూ టేపూ కంపెనీవి.”

వేణుమాధవ్ తలుపు లోపలి వైపు చూపించాడు. మసి మీద అరచేతుల గుర్తులు.

“అతిథులు ఇటొస్తారేమోనని బయట గడియ పెట్టాను” అన్నాడు శ్రీవత్స చివరికి. “అంజన్న తలుపు కొట్టాడు. తీస్తే పొగంతా మెట్ల మీదికొచ్చేది. వాళ్లు వెళ్లాక తీశాను. అప్పటికే...”

“తీస్కపోయి కుర్చీల కూసోబెట్టినవ్” అంది ఆగమ్మ.

వేణుమాధవ్ అతని దగ్గరగా వచ్చాడు. “గిట్లాంటి జనరేటర్లు ఇంకెక్కడ పెట్టినవ్?”

శ్రీవత్స తల దించుకున్నాడు. “జహనుమాలో ఒకటి. కరెంటు పోతే తలుపేసుకుని నడపమని అక్కడి వాచ్‌మన్‌కి చెప్పాను.”

అంతలో గోదాంలో బల్బు ఆరిపోయింది. వీధిలో ఒక్కొక్కటిగా జనరేటర్లు మొదలయ్యాయి. హరిప్రియ జహనుమా వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.

ఇన్‌స్పెక్టర్ శ్రీవత్సను కానిస్టేబుల్‌కి అప్పగించి, వేణుమాధవ్‌తో కలిసి జీపు వైపు పరుగెత్తాడు. ఉదయశ్రీ ఎక్కేసరికి ఆగమ్మ అప్పటికే వెనక సీట్లో ఉంది. ఆమెను ఎవరూ దిగమనలేదు. మూసీ వంతెన దాటాక లారీల వరసను తప్పించుకోవడానికి డ్రైవరు సందుల్లోకి తిప్పాడు. చార్మినార్ దాటేదాకా ఉదయశ్రీ సీటు అంచు పట్టుకునే ఉంది.

జహనుమాలో గోదాం తలుపు లోపలినుంచి వేసి ఉంది. వేణుమాధవ్, ఇన్‌స్పెక్టర్ కలిసి భుజాలతో గుద్ది తెరిచారు. గుప్పున పొగ వచ్చింది. పడిపోయి ఉన్న పడుచు వాచ్‌మన్‌ని చెరో చెయ్యీ పట్టి ఎండలోకి లాగారు. వాడు చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కసారి దగ్గాడు.

ఆగమ్మ కింద కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకుంది, కొంగుతో ముక్కు కింద మసి తుడిచింది.

“పీల్చుకో బిడ్డా” అంది. “మెల్లగ. మస్తు గాలున్నదిక్కడ.”