పరంధామయ్య పొదిగిన గుడ్లు

చంద్రకాంతమ్మ కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి ఆమె భర్త పరంధామయ్య నేల మీద బోర్లా పడుకుని, థర్మాకోల్ పెట్టెకున్న చిన్న రంధ్రంలోంచి లోపలికి చూస్తున్నాడు. లోపల గుండు బల్బు వెలుగుతోంది. వరిపొట్టు పరుపు మీద కోడిగుడ్లు వరసగా ఉన్నాయి.

"కాఫీ," అంది ఆమె.

"ఆడ పెట్టు. ఇప్పుడు మూత తెరిస్తే వేడి పోతాది."

"నేను మూత తెరవమనలేదు. నోరు తెరిచి తాగమంటా ఉండా."

వంటింట్లోంచి కోడలు నందిని నవ్విన చప్పుడు వినిపించింది. పరంధామయ్య లేచి, మోకాళ్ళు దులుపుకొని గ్లాసు అందుకున్నాడు. కళ్ళు మాత్రం పెట్టె మీదే ఉన్నాయి.

తిరుచానూరులో వాళ్ళ ఇల్లు గుడికి కాస్త దూరంగా, పెరడున్న చిన్న ఇల్లు. పరంధామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి, సంక్రాంతి వెళ్ళాక రిటైరయ్యాడు. కొడుకు భానుచందర్‌కు రేణిగుంటలో ఉద్యోగం. పెరట్లో చంద్రకాంతమ్మ ఒక ఎర్రకోడిని పెంచుకునేది. ఏప్రిల్ నెలలో అది గుడ్లు పొదగడానికి కూర్చుంది. కూర్చున్న రెండో రోజే వీధికుక్కలు దాన్ని ఎత్తుకుపోయాయి. చంద్రకాంతమ్మ ఆ పూట అన్నం తినలేదు. గుడ్లు పారేయమని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

పారేద్దామని చేతిలోకి తీసుకున్న పరంధామయ్యకు గుడ్డు ఇంకా వెచ్చగా తగిలింది. అతనికి మనసు రాలేదు. పులికాట్ రొయ్యలు తెచ్చి అమ్మే ఆమె దగ్గర ఖాళీ పెట్టె అడిగి తెచ్చి, సబ్బుతో కడిగి ఎండబెట్టాడు. బల్బు బిగించాడు. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు దాంట్లో పెట్టాడు. గుడ్లకు ఒకవైపు సున్నా, ఇంకోవైపు ఇంటూ గుర్తు పెన్సిలుతో వేసి, పూటకోసారి తిప్పసాగాడు.

"మామా, ఎవురికన్నా జ్వరమొస్తే ఇంక గుడ్లనడిగి తీసుకోవాల థర్మామీటరు," అనేది నందిని.

చంద్రకాంతమ్మ మొదట ఆ పెట్టె వైపు చూసేది కాదు. ఒకరోజు అతను ఆమెను పిలిచి, గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూపించాడు. లోపల దారాల్లాంటి ఎర్రటి నరాలు, మధ్యలో చిన్న చుక్క కదులుతోంది. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఒక గిన్నెలో నీళ్ళు తెచ్చి పెట్టెలో ఒక మూల పెట్టింది.

"చెమ్మ లేకుంటే పెంకు లోపలి పొర గట్టిపడతాది. మా అమ్మ చెప్పేది," అంది.

అట్లా రోజులు బాగానే గడిచాయి. కానీ ఈ ఉదయం ఆమె కాఫీ ఇచ్చి వెళ్ళిపోలేదు. పక్కనే నిలబడింది.

"ఆదివారం నగరిలో ప్రశాంతి నిశ్చితార్థం. కారు మాట్లాడినాడు భాను. పొద్దున్నే బయలుదేరాల."

ప్రశాంతి ఆమె తమ్ముడు ఢిల్లీబాబు కూతురు. పరంధామయ్య గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. తల గోక్కున్నాడు.

"ఆదివారమా? పిల్లలు బయటికొచ్చేది కూడా ఆ పొద్దేనే. కరెంటు పోతే చూసుకునేదానికి మనిషి ఉండాల. మీరు పొయ్యి రాండి."

చంద్రకాంతమ్మ కొంగు నడుముకు దోపింది.

"ఏమయ్యా, తమ్ముడి పెండ్లికి బెంగళూరు డ్యూటీ. మా నాయన పోతే వచ్చినావు, అట్నుంచి అటే డిపోకి పోయినావు. ప్రశాంతికి చెవులు కుట్టినప్పుడు లీవు దొరకలేదు. ఓణీ ఇచ్చినప్పుడు కొండ మీదికి డ్యూటీ. ఇప్పుడన్నా డ్యూటీ లేదు గదా అని నేను సంబరపడతా ఉంటే, నీ అంతట నువ్వే ఒక డ్యూటీ ఏసుకున్నావు."

"అది కాదుమే..."

"నీ మొగుడు యాడమ్మా అని అడుగుతారు అందరూ. ఏమని చెప్పేది? ఇంట్లో గుడ్లు పొదుగుతా ఉండాడని చెప్పేదా?"

నందినికి నవ్వు ఆగలేదు. కానీ అత్త ముఖం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. చంద్రకాంతమ్మ కళ్ళు నిండాయి.

"మా వాళ్ళంటే నీకు మొదటి నుంచీ లెక్కలేదు. ఆ మాట ఒక్కసారి నోటితో చెప్పెయ్. నేను ఇంక అడగను," అంది.

పరంధామయ్య చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కిందపెట్టాడు. ఆమె ఆ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఆదివారం దాకా ఆమె అతనితో అవసరమైన మాటలే మాట్లాడింది. ఆదివారం పొద్దున అరిటాకు పచ్చ పట్టుచీర కట్టుకుంది. అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, మంచం మీద పెట్టింది. రమ్మని అనలేదు, వద్దని అనలేదు. కారెక్కేముందు నందిని వెనక్కి వచ్చింది.

"మామా, మీరొస్తే అత్త ఎంత సంతోషపడతాదో మీకు తెలీదు."

"తెలుసమ్మా," అన్నాడతను. కారు వెళ్ళిపోయింది.

ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పరంధామయ్య పెట్టె దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి లోపల్నుంచి సన్నగా, సూదిమొనంత చప్పుడు వినిపించింది. "కియ్." అతను ఉలిక్కిపడి చెవి ఆనించాడు. మళ్ళీ వినిపించింది. రంధ్రంలోంచి చూస్తే ఒక గుడ్డు మీద నక్షత్రంలా బీట. దాంట్లోంచి బియ్యపు గింజంత ముక్కు బయటికొచ్చి, లోపలికి పోయింది.

"సూడుమే, ఇట్రా, బిన్నే పరిగెత్తుకొని రా," అని వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు.

పిలిచాక గుర్తొచ్చింది, ఇంట్లో ఎవరూ లేరని.

అతను ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఇంకో గుడ్డు బీటవారింది. అంత సంతోషం ఒంటరిగా చూడటం అతని వల్ల కాలేదు. మంచం మీది తెల్లచొక్కా తీసి తొడుక్కున్నాడు. రెండు సీసాల్లో వేడినీళ్ళు పోసి, తువ్వాళ్ళు చుట్టి గుడ్లకు అటూ ఇటూ పెట్టాడు. బల్బు తీసేసి, పెట్టెను దుప్పటితో కట్టి, ఆటోలో తిరుపతి బస్టాండుకు చేరాడు.

నగరి బస్సులో డ్రైవరు సీట్లో గోవిందు ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే డిపో.

"ఏంది పరంధామన్నా, చేపలా?"

"కోడిగుడ్లప్పా. పిల్లలు బయటికొస్తా ఉండాయి. యాడన్నా వెచ్చగా ఉండే జాగా చూపించు."

గోవిందు పక్కనున్న ఇంజను మూతను అరచేత్తో తట్టాడు. "ఇంతకంటే వెచ్చన యాడుంటాదన్నా?"

పరంధామయ్య మూత మీద దుప్పటి మడతేసి, దాని మీద పెట్టె పెట్టి, పక్కనే వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఎదురుగా బస్సు నిండా మనుషులు. అందరూ తననే చూస్తున్నారు. అతనికి చెమట పట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ప్రయాణికుల ముఖాలు అతను అద్దంలో తప్ప ఇట్లా చూసింది లేదు.

"ఏముండాదన్నా దాంట్లో?" అని పూలగంప పెట్టుకున్న ఒకామె అడిగింది.

అతను చెప్పాడు. ఇంకొకరు అడిగారు, ఇంకాస్త చెప్పాడు. కోడి ఎట్లా పోయింది, పెట్టె ఎట్లా చేసింది, పిల్ల పెంకు పగలగొట్టేముందు గుడ్డు లోపలే గాలి పీల్చుకోవడం ఎట్లా మొదలుపెడుతుంది, అన్నీ చెప్పాడు. పుత్తూరు దాటేసరికి మొదటి పిల్ల తడితడిగా పెంకులోంచి దొర్లి పడింది. బస్సంతా వంగి చూసింది. ఎవరో వెనకనుంచి బస్సు మెల్లగా పోతోందని సణిగితే, పూలామె లేచి నిలబడింది. "పురిటిబస్సుప్పా ఇది, గతుకుల్లో ఎగరేసుకుంటా పోతారా?" అంది. అందరూ నవ్వారు. పరంధామయ్య కూడా నవ్వాడు.

నగరిలో ఢిల్లీబాబు ఇంటిముందు షామియానా వేసి ఉంది. అప్పటికే తాంబూలాలు మార్చుకోవడం అయిపోయి, విస్తళ్ళు వేస్తున్నారు. చంద్రకాంతమ్మ తల్లి కుప్పమ్మ కూతురి చెయ్యి పట్టుకుని అడిగింది.

"అల్లుడు ఈసారి కూడా రాలేదామ్మా?"

"ఆయనకు ఒంట్లో బాగలేదుమా," అంది చంద్రకాంతమ్మ తల వంచుకుని.

ఆ మాట పూర్తి కాకముందే వీధిలోంచి పెట్టె గుండెలకు హత్తుకుని, చెమటలు కక్కుతూ పరంధామయ్య లోపలికి వచ్చాడు. కుప్పమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుంది.

"ఒంట్లో బాగానే ఉండాడే."

ఢిల్లీబాబు సాంబారు బకెట్టు కింద పెట్టేసి పరుగెత్తాడు. "బావా! రా బావా," అంటూ పెట్టె అందుకోబోయాడు. "అక్కా, బావ వచ్చినాడు," అని వెనక్కి తిరిగి అరిచాడు.

చంద్రకాంతమ్మ భర్తను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

"వచ్చేవాడివి మనిషి మాదిరి రాకూడదా? మగపెండ్లోళ్ళ ముందు ఈ పెట్టేంది?"

పరంధామయ్య పెట్టెను బావి గట్టు మీద పెట్టాడు.

"పిల్ల కూసింది. సూడుమే అని నిన్ను పిలిచినాను. నువ్వు లేవు. చెప్పుకునేదానికి మనిషి లేకుండా చూస్తా ఉంటే చప్పగా ఉండింది."

ఆమె అతని వైపు చూసింది. అతను తల దించుకుని, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు.

"మీ వాళ్ళంటే లెక్కలేక కాదు. బస్సులో ఎంతమంది ఉన్నా అందరూ నా వెనకాల ఉంటారు. నేను రోడ్డు చూసుకుంటే చాలు. ఫంక్షన్లో అట్ల కాదు. అందరూ ఎదురుగా కూర్చుంటారు. ఏం సంగతులు అంటారు. నాకు ఏం చెప్పాలో తెలీదు. చేతులు యాడ పెట్టుకోవాలో తెలీదు. అందుకే డ్యూటీ అంటే నాకు నిమ్మళంగా ఉండేది. నీకు ఆ మాట చెప్పేదానికి కూడా సిగ్గే."

పెళ్ళయినప్పటి నుంచి చంద్రకాంతమ్మ ఇతని గర్వం మీద కోపం పెంచుకుంది. పుట్టింట్లో ప్రతి శుభకార్యానికీ ఒక అబద్ధం చెప్పుకుని, తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఇప్పుడు చూస్తే ఆ గర్వం ఎక్కడా లేదు. ఉన్నది భయం. పెద్ద బస్సును ఘాట్ రోడ్డులో తిప్పే మనిషికి నలుగురి మధ్య కూర్చోవాలంటే భయం.

"చెప్పుంటే నీ పక్కనే కూర్చుని ఉండేదాన్ని గదయ్యా. నీ బదులు నేనే మాట్లాడి ఉండేదాన్ని," అంది. కొంగుతో ముందు అతని ముఖం మీది చెమట తుడిచి, తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.

ఈలోగా ఇంట్లోని చిన్నపిల్లలు పెట్టెను కనిపెట్టేశారు. వాళ్ళ వెనకే పెద్దవాళ్ళూ వచ్చారు. పెండ్లికూతురు ప్రశాంతి పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని వచ్చి గట్టు పక్కన కూర్చుంది. పొద్దుట్నుంచీ ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేకపోయిన పెండ్లికొడుకు పెట్టెకు అటువైపు వంగి, "అదిగో, ఇంకోటి వస్తా ఉండాది," అన్నాడు. కుప్పమ్మ అప్పుడే ఆరిన పిల్లను ఒడిలో వేసుకుని కొంగు కప్పింది. అది కొంగు సందులోంచి తల బయటపెట్టింది.

పెండ్లికొడుకు తండ్రి అడిగిన ప్రతిదానికీ పరంధామయ్య జవాబు చెబుతున్నాడు. చేతులు తిప్పి చూపిస్తున్నాడు. చంద్రకాంతమ్మ పక్కనే నిలబడి వింటోంది. మొగుడు ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. అతను తడుముకున్న చోట మాట అందిద్దామనుకుంది గానీ, ఆ అవసరం రాలేదు.

భోజనాలయ్యాక భానుచందర్ కారు తాళాలు తీసుకుని వచ్చాడు. "నాయనా, పోదామా?"

పరంధామయ్య పెట్టె వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"ఇంకా మూడు గుడ్లు పగలాల. ఈ టైములో కదిలించకూడదు."

"కదిలించి ఇంత దూరం తెచ్చినోడివి నువ్వే గదా," అంది చంద్రకాంతమ్మ.

"అందుకే, మళ్ళీ కదిలించకూడదు," అన్నాడతను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె అతన్ని ఒక క్షణం చూసింది. తర్వాత తమ్ముడి భార్య నాగవేణి కోసం ఇంట్లోకి వెళ్ళింది. గొంతు మామూలుగా ఉంచాలని ఎంత ప్రయత్నించినా ముఖంలో వెలుగు దాగలేదు.

"నాగవేణీ, మా తమ్ముడి లుంగీ ఒకటి ఇయ్యి. మీ అన్న మార్చుకునేదానికి గుడ్డలు తెచ్చుకోలేదు. రెండు రోజులు ఈడే ఉంటాడు."