విప్పని రెండు మడతలు

"అమ్మా, ఒక కిటికీ కర్టెన్‌కి మీటరు ముప్పై అయిదు సెంటీమీటర్ల గుడ్డ పడుతుందట. నాలుగు కిటికీలకి ఎంత కావాలి?"

ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది భుజాన వేసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి గబగబా చదివింది కూతురు. ఆ రోజు లెక్కల పరీక్ష.

"ఆరు మీటర్లు తీసుకో," అంది తల్లి టిఫిను డబ్బా మూత బిగిస్తూ, బట్టల కొట్లో నిలబడ్డట్టే.

"అయిదు నలభై వస్తోందే!"

"అయిదు నలభై ఏ మూలకే? పైన కమ్మీ దూర్చడానికి మడత వద్దూ? ఒక్క ఉతుక్కి ఎంత కుదించుకుపోతుందో తెలుసా? ఆ తర్వాత కిటికీకి మోకాళ్ళు కనిపిస్తాయి."

"అవన్నీ లెక్కలో లేవమ్మా!"

"లెక్కలో లేవని ఉతకడం మానేస్తారా?"

అద్దం ముందు తల దువ్వుకుంటున్న తండ్రి పకపకా నవ్వాడు. బస్సు డిపోలో మెకానిక్కు ఆయన. భార్యకి కంగారమ్మ అని పేరు పెట్టింది ఆయనే. ఆ పేరు వీధి చివరి దాకా పాకింది. పెట్టిన పేరు ఊరికే పోలేదు మరి. ఆమె వాన పడకముందే గొడుగు విప్పుతుంది. ఇద్దరొస్తారంటే నలుగురికి వండుతుంది. మనుషులు గుమ్మం దాటారంటే, తిరిగొచ్చేదాకా ఆమె ప్రాణం ఆ గుమ్మంలోనే వేలాడుతూ ఉంటుంది. కూతురిది తండ్రి పోలిక. చూడ్డానికి ఇంతే, నోరు మాత్రం ఘాటు. అందుకే దాన్ని అందరూ మిరియం అంటారు.

రోజూ సాయంత్రం భోజనాల బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ తుడిచి, తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. మిరియం లెక్కలు చదివేది, తల్లి చిక్కుళ్ళు ఒలుస్తూ వినేది. లెక్కల పుస్తకంలో మనుషులంటే ఆవిడకి మహా జాలి. అడుగున చిల్లుందని తెలిసీ తొట్టి నింపుతూనే ఉంటాడొకడు, వాడికి చెప్పేవాళ్ళే లేరా? రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు నడిచి బడికెళ్తుందొక పిల్ల. తోడెవరైనా ఉన్నారా? "అమ్మా, దాన్ని పెంచుకుంటావా ఏంటి?" అని మిరియం విసుక్కునేది. అయినా చెక్కిన పెన్సిలు వాసన ముక్కుకి తగిలితే చాలు, ఆ తల్లి మనసు బల్ల మీద ఉండేది కాదు.

తను చిన్నప్పుడు చదివిన బడి వరండాలోకి వెళ్ళిపోయేది. అక్కడ లెక్కల పంతులమ్మ పొడుగాటి చెక్క స్కేలు పట్టుకుని నిలబడి ఉండేది. కొలతల పాఠం మొదలైన రోజు ఆవిడ పిల్లలందరినీ గదిలోంచి బయటికి తోలి, "ఈ వరండా ఎంత పొడుగో మీ అడుగులతో చెప్పండి" అంది. ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క వచ్చింది. పొట్టివాళ్ళకి ఎక్కువ, పొడుగువాళ్ళకి తక్కువ. ఎవరిది ఒప్పంటూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. పంతులమ్మ చెక్క స్కేలు నేలకి ఆనించి, సుద్దతో గీత గీసి, "చూశారా, మనిషికో కొలత ఉంటే ఇంతే. అందుకే ఇది కనిపెట్టారు" అంది. తక్కిన పాఠం రేపు అంది. ఆ రేపటికి తను బడిలో లేదు. ఇంట్లో అమ్మ మంచాన పడింది. చంకలో చెల్లి, వెనక తమ్ముడు. "అమ్మ లేచి తిరిగేదాకానే," అన్నారు నాన్న. అమ్మ లేచి తిరగనే లేదు.

ఇవేవీ ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునేంత కథ ఏముంది అందులో?

పరీక్ష పేపర్లు శనివారం ఇచ్చారు. ఆ సాయంత్రమే పెద్దాడపడుచు పక్క ఊరినుంచి దిగింది. కాలేజీలో లెక్కలు చెప్తుందావిడ. నెలకోసారి వచ్చి, తమ్ముడి ఇంట్లో ఓ రాత్రి ఉండి వెళ్తుంది. మిరియం బ్యాగు విసిరేసి లోపలి గదిలో దూరి తలుపు వేసుకుంటే, బ్యాగులోంచి బయటికి తొంగిచూస్తున్న పేపరు ఆవిడ చేతికే చిక్కింది. కళ్ళజోడు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"కర్టెన్లకి అయిదు మీటర్ల నలభై... కొట్టేసింది... ఆరు మీటర్లు, ఉతికితే కుదించుకుపోతుంది. ఏంటిది? పదిహేను లీటర్ల పాలు అరలీటరు సీసాల్లో పోస్తే ఎన్ని? ముప్పై... కొట్టేసింది... ఇరవై తొమ్మిది, తక్కినవి ఒలికిపోయాయి." ఆవిడకి నవ్వాగలేదు. "ఇది చూడు తమ్ముడూ! రైలు పదింబావుకి. స్టేషనుకి నడక నలభై నిమిషాలు. ఎన్నింటికి బయల్దేరాలి? తొమ్మిదింటికి, దారిలో చెప్పు తెగొచ్చు!"

తండ్రి కూడా నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. పేపరు కింద ఎర్ర సిరాతో టీచరు రాసింది: 'ప్రశ్నలో అడిగింది మాత్రమే రాయాలి.' పైన మార్కులు చూస్తే నవ్వే మార్కులు కావు.

"నవ్వొస్తోంది గానీ, ఇది నవ్వే సంగతి కాదురా," అంది ఆడపడుచు పేపరు మడుస్తూ. "దీనికి బుర్ర లేక కాదు. మొదట వేసినవన్నీ ఒప్పులే. జవాబు దగ్గరికొచ్చేసరికి భయం పట్టుకుంది. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పాలా?"

"నేనే వదినా," అంది తల్లి. చెంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "ఆ రోజు పొద్దున్న నేనే ఏదో అన్నాను."

"ఒక పొద్దునైతే ఫర్లేదమ్మాయ్. రోజూ సాయంత్రం కూర్చోబెట్టేది నువ్వేగా. నిన్ననడం లేదు, నువ్వు చదివిందెంతని! వచ్చే ఏడు దీన్ని నా దగ్గరుంచండి. మా వీధిలోనే మంచి బడుంది. సెలవులకి వస్తుంది."

"ఇంకా చిన్నదక్కా," అని నసిగాడు తండ్రి.

"చిన్నప్పుడు కాక ముసలయ్యాక నేర్పుతావా?"

తలుపు ధడాలున తెరుచుకుంది. మిరియం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను వెళ్తాను నాన్నా! క్లాసులో అందరూ నన్ను 'చెప్పు తెగింది' అని పిలుస్తున్నారు. ఒప్పు రాసి, నా చేత్తో నేనే కొట్టేసుకున్నాను. రాస్తుంటే అమ్మే చెవిలో గోల పెడుతోంది, చాలదు చాలదు అని. నేను అత్త దగ్గరికి వెళ్ళిపోతాను. ఇక్కడే ఉంటే నేనూ అమ్మలాగే..."

అక్కడితో ఆగింది. తక్కిన మాట ఎవరూ అననక్కర్లేదు. ఆ గదిలో అందరికీ అది వినబడింది. గోడ గడియారం కూడా నోరు మూసుకుంటే బాగుండుననిపించింది.

ఎప్పుడూ ఏదో ఒకటి అనే ఆ తల్లి ఆ సాయంత్రం వాదించలేదు, ఏడవలేదు. "తీసుకెళ్ళండి వదినా," అంది మెల్లిగా. "నాలా ఆగిపోకూడదు అది." వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె చేత పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మర్నాడు ఆదివారం. కిటికీలోంచి ఎండ మంచం మీదికి పాకింది. తల్లి ఇనప్పెట్టె ముందు కూర్చుని మిరియం బట్టలు సర్దుతోంది. వెళ్ళేది వచ్చే ఏడే, అయినా చేతులు ఊరుకోవు. బడి స్కర్టు పొట్టిదైపోయింది. అంచు విప్పి దించుదామని నీలం దారం కోసం పెట్టె అడుగు దాకా వెతికింది. దారంతో పాటు ఒక పాత గుడ్డ చేతికి తగిలింది. గబుక్కున లోపలికి తోసేయబోయింది.

"అదేంటమ్మా?" రాత్రంతా ముడుచుకుని పడుకున్న మిరియం, మాట కలపడానికి దారి దొరక్క అక్కడే తచ్చాడుతోంది. వంగి లాగేసింది. వెలిసిపోయిన నీలం స్కర్టు. "నాది కాదే ఇది. ఎవరిది?"

"నాదే. ఇలా ఇవ్వు, చిరిగిపోతుంది."

మిరియం ఇవ్వలేదు. తిరగేసి చూసింది. కింది అంచు బరువుగా, అట్టలా ఉంది. లోపల గుడ్డ మడత మీద మడత వేసి, సన్నటి కుట్లతో బిగించి ఉంది. ఆ మడతల పైన చుట్టూరా సన్నగా ఒక గీత. ఒకప్పుడు కుట్టు ఉండి, విప్పిన గుర్తు.

"ఇంత గుడ్డ లోపల పెట్టి కుట్టేశారేంటి? పిచ్చా?"

"మీ అమ్మమ్మ కుట్టింది," అంది తల్లి, దారం సూదిలోకి ఎక్కించబోతూ. అది ఎక్కడం లేదు. "ఏటా కొత్తది కొనలేం కదా. అందుకని మూడు మడతలు వేసింది. ఏడాదికొకటి విప్పితే, నాతో పాటు అదీ పొడుగవుతుందని."

"ఒకటే విప్పారుగా?"

"ఊఁ."

"మరి తక్కిన రెండూ? నువ్వు పెరగలేదా?"

"పెరిగానే," అంది తల్లి. నవ్వబోయింది. "విప్పే పని పడలేదు."

మిరియం వేళ్ళు ఆ కుట్ల మీదే ఆగిపోయాయి. ఒక్కో మాటా లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. అమ్మ బడి మానేసిందని తెలుసు. అది ఊళ్ళోవాళ్ళ సంగతిలా, ఎప్పటిదో కథలా తెలుసు. కానీ ఇలా, చేత్తో పట్టుకుంటే బరువు తెలిసేలా, ఎప్పుడూ తెలియలేదు.

"ఏ క్లాసులో ఆగిపోయావమ్మా?"

"నీ క్లాసే. కొలతల పాఠం. సగం చెప్పారు. వరండా కొలిచాం," అని తల్లి సూది పక్కన పెట్టేసింది. "తక్కిన సగంలో ఏముందో నాకు తెలీదే. ఎంత అడిగారో అంతే చెప్పాలని ఆ సగంలో ఉందేమో. నాకు తెలిసిందల్లా ఇంట్లో నేర్చుకున్నదే. ఎంత ఉన్నా ఒకనాటికి చాలదు, ఇంకాస్త దాచుకోవాలి అని. అదే నీ చెవిలో పోశాను. నీకు మార్కులు పోతాయనుకోలేదమ్మా."

మిరియం మొహం ముడుచుకుపోయింది. ఒక్క ఊపున వచ్చి తల్లి ఒళ్ళో తల దూర్చేసింది. "నిన్న నేనన్నది... నేను అలా అనాలని కాదమ్మా..."

"నువ్వేమీ అనలేదు. సగంలోనే ఆపేశావు."

"సగం చాలదా ఏంటి!" అంటూ ఏడ్చేసింది పిల్ల. ఏడుస్తూనే నవ్వింది తల్లి.

గుమ్మంలో చప్పుడైంది. ఆడపడుచు కాఫీ గ్లాసు పట్టుకుని ఎప్పణ్ణుంచి నిలబడి ఉందో, కాఫీ మీద మీగడ కట్టింది. లోపలికొచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఈ సంగతి ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారి అనలేదేం అమ్మాయ్?"

"మీరు కాలేజీలో చెప్తారు వదినా. మీకేం చెప్పను, సగం పాఠం సంగతి?"

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది. మిరియం కళ్ళు తుడుచుకుని లేచింది. "అత్తా, నేను రాను. కోపం తెచ్చుకోకు. నేను వచ్చేస్తే మిగతా సగం అమ్మకెవరు చెప్తారు?"

"మరి పరీక్షలో మళ్ళీ చెప్పు తెగితేనో?"

"తెగదు. ముందు అడిగింది రాస్తాను. అమ్మ మాట ఇంటికొచ్చి అమ్మతోనే చెప్తాను."

"పెంకిఘటం," అంది అత్త. "సరే. నెలకోసారి వచ్చేదాన్ని, ఇక ప్రతి ఆదివారం వస్తాను. ఇద్దరూ కూర్చోవాలి నా ముందు. పెద్దయ్యాక కూడా రాసుకునే పరీక్షలున్నాయమ్మాయ్. నువ్వు చిన్నదానివే ఇంకా. ముప్పై నిండలేదు."

మిరియం పెట్టెలోంచి చిన్న కత్తెర తీసి ఆ స్కర్టు మీద పెట్టింది. "విప్పమ్మా."

"ఇప్పుడెందుకే? ఎవరు కట్టుకుంటారు? గుడ్డ చివికిపోయి ఉంటుంది, కత్తెర జారితే..."

"అమ్మా!"

తల్లి కత్తెర తీసుకుంది. మొదటి కుట్టు కిందికి కత్తెర మొన దూర్చి తెంపింది. తర్వాతవి వాటంతటవే వదులయ్యాయి. తన అమ్మ వేసిన దారం చిన్న చిన్న ముక్కలై ఒళ్ళో రాలింది. మడత విచ్చుకుంది. పైన స్కర్టంతా ఎండకీ ఉతుకులకీ వెలిసి బూడిదరంగు తేలింది. లోపల పట్టీ మాత్రం చిక్కటి నీలం. కొట్లోంచి కొత్తగా తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ నీలం మీద అరచెయ్యి ఆనించి, చాలాకాలంగా ఆపుకున్నదంతా ఏడ్చింది తల్లి. ఎవరూ వద్దనలేదు.

తర్వాత ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఒళ్ళో ఆ స్కర్టు అలాగే పెట్టుకుని, పెన్సిలు చేత పట్టుకుని, చిన్నపిల్లలా వేలితో ఒక్కో మాటా చూపించుకుంటూ చదివింది తల్లి. "ఒక కిటికీకి... మీటరు ముప్పై అయిదు సెంటీమీటర్లు. నాలుగు కిటికీలకి..."

"ఏమే కంగారమ్మా! పాలు పొంగిపోతున్నాయి!" వంటింట్లోంచి భర్త కేక.

మిరియం, అత్త ఇద్దరూ ఆమె వంక చూశారు. ఆమె కుర్చీ కదల్లేదు.

"మీరు దించండి కాస్త," అంది తలెత్తకుండా. "నాలుగైదులు ఇరవై. సున్నా వేసి, రెండు పైన..."