సి-పన్నెండు సీసా

ఎనభై ఆరులో ఎల్‌బీ నగర్ ఇంకా పూర్తిగా కాలనీ కాలేదు. సగం కట్టిన ఇళ్లు, కంకర కుప్పలు, ప్లాట్లకు పాతిన రాళ్లు. ఆ మధ్యలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని మా మావయ్య భానుమూర్తి అగరుబత్తీలకు సెంట్లు కలిపేవాడు. డిగ్రీ తప్పి తెనాలి నుంచి వచ్చిపడ్డ నాకూ ఆ పని నేర్పాడు. దేవుడు నాకు ముక్కు తప్ప ఇంకేమీ ఇవ్వలేదని మా అమ్మ అనేది. ఆ ముక్కుకి అన్నం పెట్టింది ఆయనే. ఆయన మాట నాకు వేదవాక్కు.

సి-పన్నెండు అనే ఆల్డిహైడ్ ఒకటి ఉంటుంది. కొవ్వు నుంచి తీసే సరుకు. మూత తీస్తే అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి, సబ్బు కలిసిన వాసన. అదే ఒక్క చుక్క మల్లె సెంటులో పడితే పువ్వు నిజంగా విచ్చినట్టుంటుంది. దాన్ని తుడిచిన గుడ్డలు గాలికి వదిలేస్తే వాటంతటవే వేడెక్కి రాజుకుంటాయి. అందుకని నీళ్ల బకెట్లో ముంచి పెడతాం.

సీసాలు కడిగే మణెమ్మ ఆ నిప్పుకే పోయింది. గుడ్డలు బకెట్లో వెయ్యడం మరిచిపోయిందనీ, తలుపు తీసే ఉన్నా మళ్లీ ఎందుకో లోపలికెళ్లిందనీ మావయ్య అన్నాడు. ఆ రోజు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పార్సిళ్లు వేస్తున్నాను. అయినా పోలీసుల ముందు, మణెమ్మ తల్లి రాములమ్మ ముందు, గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాననీ, తలుపు తీసి ఉండటం కళ్లారా చూశాననీ చెప్పాను. మావయ్య చెప్పమన్నాడు. నిజమేగదా అనుకున్నాను.

రెండు నెలలకు షెడ్డు బాగుచేశారు. ఒక మధ్యాహ్నం మావయ్య బజారుకెళ్తూ నన్ను మల్లె సెంటు కలపమన్నాడు. ఎండకి రేకులు టక్కుటక్కుమంటున్నాయి. త్రాసు ముందు కూర్చున్నాను.

సి-పన్నెండు వాసన వచ్చింది. సీసా చూశాను. సీలు కూడా తియ్యలేదు.

ముక్కు మొద్దుబారితే మా పనిలో ఒక అలవాటుంది. సొంత మోచేతి మడత వాసన చూసుకుంటాం. మన ఒంటి వాసన తగలగానే ముక్కు మళ్లీ దారిలో పడుతుంది. చెయ్యి మడిచి గట్టిగా పీల్చాను.

అది నా వాసన కాదు...

కొబ్బరినూనె. ఆకువక్క. మాడిన జుట్టు...

చెయ్యి దూరంగా చాచి చూశాను. నా చెయ్యే. అప్పుడు వెనక, చెవికి బాగా దగ్గరగా...

"పట్టాభి సారూ... తలుపు జర నూకి చూడు."

వెనక్కి తిరగలేదు. లేచి తలుపు నెట్టాను. కదల్లేదు. భుజంతో తోశాను... బయట తాళంకప్ప గడియకి కొట్టుకున్న చప్పుడు.

అరిచాను. వాసన చిక్కబడింది... కళ్లు మండాయి... తలుపు మీద నా గోళ్లు. పక్కనే, ఇంకెవరివో గోళ్లు...

ఎంతసేపయిందో తెలియదు. మావయ్య వచ్చి తాళం తీశాడు. నా వాలకం చూసి నవ్వాడు.

"బయటికెళ్తే లోపల మనిషున్నా తాళం వెయ్యడం నాకు అలవాటురా. ఫార్ములా ఎవడి కంటా పడకూడదు. ఆ రోజూ అంతే..."

నవ్వు ఆగిపోయింది. నా మొహంలోకి చూడలేక సంచీ సర్దుకున్నాడు.

చేరదీసిన మనిషే నమ్మించి గొంతు కోశాడు. తాళం తను వేసి, తీసే ఉందని నా నోటితో చెప్పించాడు.

ఆ సాయంత్రమే సరూర్‌నగర్ వెళ్లి రాములమ్మకి అంతా చెప్పేశాను. తలుపుకి తాళం ఉందనీ, మణెమ్మ తప్పేమీ లేదనీ, రేపే పోలీసులకూ చెబుతాననీ. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"తాళం సంగతి నాకెరుకే బిడ్డా. మణెమ్మ రోజూ జెప్తది. నువ్వు గడప కాడ్నే ఉన్నవంట గద. తియ్యి సారూ అని మొత్తుకుంటే, జూస్కుంట నిలబడ్డవంట."

నేనక్కడ లేనమ్మా, చూశానన్నది అబద్ధం అంటూ కాళ్ల మీద పడ్డాను.

రాములమ్మ చీకటిగా ఉన్న లోపలి గది వైపు తిరిగింది.

"గీయన లేనంటుండు. ఏమంటవ్ బిడ్డా?"

లోపల ఎవరో దగ్గారు... పొగ మింగిన మనిషి దగ్గినట్టు.