బుధవారం గ్రీజు

ముందు కీచుమనే చప్పుడు వచ్చింది. తరవాత జీపు వచ్చింది. దాని వెనక పడవను మోస్తూ ట్రైలరు, స్టీరింగు దగ్గర వానకు తడిసి ముద్దయిన ఒక అమ్మాయి.

"దీన్ని మంచినీళ్ళతో కడిగే అలవాటుందాండీ, లేదా?" అన్నాడు షెడ్డులో పనిచేసే కుర్రాడు ట్రైలరు చక్రం దగ్గర వంగి.

"సముద్రంలోంచి పైకి లాగిన ప్రతిసారీ అరగంట కడుగుతాను. నమ్మకం లేకపోతే నాకి చూడండి, ఉప్పగా ఉందేమో."

షెడ్డు లోపల అతని పెదనాన్న కిసుక్కున నవ్వాడు. షెడ్డు ఆయనదే. పడవల ట్రైలర్లకు చక్రాలు చూడటమే ఆయన బతుకు. ఎనిమిదేళ్ళుగా అతని బతుకూ అదే. రేవులో అందరూ అతన్ని గ్రీజు అనే పిలుస్తారు. కన్నతల్లి కూడా ఆ పేరుకే అలవాటుపడింది.

అమ్మాయి నీటి పరీక్షల లాబ్ మనిషి. ప్రతి గురువారం పడవలో వెళ్ళి పన్నెండు చోట్ల సముద్రపు నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తుంది. ఏడాదిలో ఒక్క వారం తప్పినా పరీక్ష మొత్తం నీళ్ళపాలే.

అతను చక్రం మధ్యలో ఉండే హబ్బు విప్పి చూపించాడు. లోపల బేరింగు తుప్పు ముద్దయి ఉంది.

"రోడ్డు మీద పరిగెత్తి ఇది పొయ్యిలా కాగుతుంది. అలాగే తీసుకెళ్ళి చల్లటి నీళ్ళలో దించితే లోపలి గాలి ముడుచుకుని ఉప్పునీళ్ళు పీల్చేస్తుంది. రేవు చేరాక అరగంట ఆగండి. చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే దించండి."

"అరగంట ఏం చెయ్యమంటారు?"

"వాన చూడండి."

ఆమె నవ్వలేదు. కానీ నవ్వకుండా ఉండటానికి కొంచెం కష్టపడింది. అతనికి అది చాలు.

కొత్త బేరింగు, నీళ్ళు చొరబడకుండా దాని వెనక కొత్త రబ్బరు సీలు వేసి బిగించాక ఆమె అడిగింది, "మళ్ళీ ఎప్పుడు తేవాలి?"

నెలకోసారి గ్రీజు గన్నుతో రెండు నొక్కులు నొక్కితే సరిపోతుంది. పెదనాన్న అతనికి నేర్పిన మొదటి పాఠం అది. ఆ పాఠం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ప్రతి బుధవారం తెస్తే మంచిది," అన్నాడు.

ఆమె తెచ్చింది. ఎనిమిది బుధవారాలు తెచ్చింది. ఆ రెండు నెలలూ ముసురు వదల్లేదు. రేవులో పడవలన్నీ టార్పాలిన్లు కప్పుకుని మూలుగుతున్నట్టు ఉండేవి. అతనికి మాత్రం వారంలో ఒక సాయంత్రం వెలుగు వచ్చేది. ఆమె టైరు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. అతను ఒక నొక్కు నొక్కి, ఒక మాట విని, ఇంకో నొక్కు నొక్కేవాడు.

"మీరు గ్రీజు పెడుతున్నారా, పాపాయికి ఉగ్గు పెడుతున్నారా?"

"ఇది కొంచెం మారాం చేసే రకంలెండి."

ఎనిమిదో బుధవారం మర్నాడు, రేవు ఇంకా అర మైలుందనగా చక్రం పట్టేసింది. ఆ వానలో ఆమె చేయగలిగిందేమీ లేదు. పన్నెండు సీసాలూ ఖాళీగా వెనక్కి వచ్చాయి. నలభై వారాల వరుస తెగింది. కడగకుండా తుప్పు పట్టించిందని లాబ్ మేడమ్ తేల్చేసింది. నెలాఖరుకు ఇంటికి వెళ్ళిపొమ్మంది. అమ్మాయి ఎదురు చెప్పలేదట. ట్రైలరును లాక్కొచ్చిన డ్రైవరు ఈ సంగతులన్నీ షెడ్డులో దించి వెళ్ళాడు.

అతను హబ్బు విప్పాడు. పాల టీ రంగు నీళ్ళు కారాయి. వెనక సీలు లోపలి నుంచి బయటికి తన్నుకొచ్చి వేలాడుతోంది. చక్రం లోపలి అంచంతా గ్రీజే. ముందురోజే ఆ నల్లటి మరక అతని కంటపడింది. ఆమె ఏదో చెబుతూ నవ్వుతుంటే, గుడ్డతో తుడిచేసి ఊరుకున్నాడు.

పెదనాన్న వచ్చి చూశాడు. ఆయనకు ఒక్క చూపు చాలు.

"ఎన్ని నొక్కావురా?"

"పది."

"నెలకా?"

"వారానికి."

పెదనాన్న వేలాడుతున్న సీలును వేలితో ఎత్తి చూశాడు. "గ్రీజు ఎక్కువైతే సీలును తన్నేస్తుందని నీకు తెలియదా?"

"తెలుసు."

"ఎందుకు పట్టేసిందో రాసిమ్మని లాబ్ వాళ్ళు కబురు పెట్టారు. వాళ్ళ ట్రైలర్లు ఆరూ మన దగ్గరికే వస్తాయి. నిజం రాస్తే ఇక రావు."

"రాయకపోతే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది పెదనాన్నా."

"నేను రాయొద్దన్నానా? చేతులు కడుక్కుని రాయి, కాగితం పాడవుతుంది."

మర్నాడు ఆ కాగితం మేడమ్ బల్ల మీద ఉంది, అతను బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆమె రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది.

"ఏమయ్యా, రెండు చాలని తెలిసినవాడివి పది ఎందుకు నొక్కావు? కారణం లేదు ఇందులో. ఆ పిల్లను గట్టెక్కించడానికి అల్లిన కథనుకుంటాను నేను."

అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు. నిలబడే, బల్ల అంచు మీద పెట్టి, అడుగున ఇంకో మాట రాశాడు.

"రెండు నొక్కులు అర నిమిషంలో అయిపోతాయి. తరవాత ఆమె వెళ్ళిపోతుంది."

సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగాడు.

ఆరు ట్రైలర్లూ వేరే షెడ్డుకు వెళ్ళిపోయాయి. బుధవారం వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. అమ్మాయి ఉద్యోగం నిలబడిందని విన్నాడు. ఆ మాట చెప్పడానికైనా ఆమె రాలేదు. చదివే ఉంటుంది, అసహ్యించుకుని ఉంటుంది అనుకున్నాడు. పెదనాన్న పాత బోల్టులు ఏరుకుంటుంటే, తిట్టినా బాగుండుననిపించేది.

మూడో వారం ఆమె వచ్చింది. జీపు లేదు, ట్రైలరు లేదు. గొడుగు వేసుకుని నడిచి వచ్చింది.

"మేడమ్ ఆ కాగితం నా చేత పైకి చదివించింది," అంది. "ఆఫీసులో అందరూ ఉన్నారు. ఆఖరి ముక్క దగ్గర అందరూ నా వైపు తిరిగారు."

"క్షమించండి."

"దేనికి? ఆ మాట నాకు చెప్పడానికి ఎనిమిది బుధవారాలు చాల్లేదు. మేడమ్‌కి మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పావు."

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి, పనుంటే కదా మాసేది.

"ఇన్నాళ్ళూ కోపంగా ఉన్నాను," అందామె. "నీ మీద సగం, నా మీద సగం. నెలకోసారి చాలని ట్రైలరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. మొదటివారమే చదివాను."

"మరి ఎందుకు తెచ్చారు?"

"నువ్వు ఎందుకు నొక్కావో అందుకే. ఆ సంగతి నేనూ రాసి మేడమ్‌కి ఇచ్చి వస్తున్నాను. వచ్చే ఏడు మొదటి సీసా నుంచి మళ్ళీ మొదలుపెట్టమంది. ట్రైలర్లు మళ్ళీ మీ షెడ్డుకే పంపమని మాత్రం అడగలేదు. నేను అడిగితే బాగోదు."

"అడగొద్దు."

ఆమె లోపలికి తొంగి చూసింది. "పెదనాన్నగారూ, మీ అబ్బాయిని కాసేపు తీసుకెళ్తాను."

"తీసుకెళ్ళమ్మా. మీ ఇద్దరి పుణ్యమా అని వాడికిక్కడ పనేం లేదు."

ఇద్దరూ రేవు గోడ వెంట నడిచారు. చూడటానికి హబ్బు లేకపోయేసరికి ఎటు చూడాలో అతనికి తోచలేదు.

"ఆదివారం మా ఇంటికి రా. మా అమ్మ రమ్మంది."

"ఆవిడకు ఏమని చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. ఆ కాగితం చూపించాను. పని పాడుచేశాడు గానీ అబద్ధం చెప్పలేకపోయాడు, ఒకసారి చూస్తాను అంది."

అతని కాళ్ళు ఆగిపోయాయి. ఆమె నాలుగడుగులు ముందుకు వెళ్ళి, తిరిగి చూసి, గొడుగు పట్టుకుని వెనక్కి వచ్చింది.