ఫిల్మ్‌నగర్ నుంచి మూడు దీవులకి

పొద్దున తొమ్మిదీ పదికి వీరయ్య చచ్చిపోయాడు. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బంగళా గేటు పక్కన, వాచ్‌మన్ కుర్చీలోంచి కిందికి జారి, ఆస్టిన్ చేతుల మీద పోయాడు. నోట్లోంచి నురగ వస్తుండగా చెప్పినవి నాలుగే ముక్కలు.

"మా సుహాస్ సార్ బాంబు వెట్టిండు బిడ్డా. ఇయ్యాల సాయంత్రం ఆరున్నరకు పేలుతదట. శానమంది సస్తరు."

"ఎక్కడ పెట్టాడు?"

"భువన మేడమ్ చాయ్ దెచ్చిచ్చింది..."

అంతే, తల వాల్చేశాడు. అడిగిందొకటి, చెప్పిందొకటి. పాపం, పోయే ప్రాణానికి ఏ ప్రశ్నకి ముందు జవాబు చెప్పాలో ఎవరు నేర్పుతారు?

ఆస్టిన్ ఫిల్మ్‌నగర్‌లో అందరికీ ఆర్ట్ డైరెక్టర్. అసలు జీతం ఇచ్చేది మాత్రం బోర్డు లేని ఒక ప్రభుత్వ విభాగం. ఆర్నెల్లుగా ఒక విదేశీ ముఠా వెనక పడ్డాడు. ఆ ముఠాకి ఇక్కడి మనిషి సుహాస్, సినిమా ఫంక్షన్లు చేసే ఈవెంట్ మేనేజర్. వీరయ్య సుహాస్ ఇంటి వాచ్‌మన్, ఆస్టిన్‌కి చెవి. ఇక భువన. నాలుగు సినిమాల్లో రెండో హీరోయిన్. సుహాస్ ఆమె కోసం పిచ్చివాడై తిరుగుతున్నాడు. అతని మీద కన్నేసి ఉంచమని ముఠా పెట్టిన మనిషి ఆమేనని అతనికి తెలీదు. రెండు నెలల కిందట ఆస్టిన్‌కి దొరికిపోయి, ఇటు సమాచారం కూడా మోస్తోందని ముఠాకి తెలీదు. డబుల్ ఏజెంట్ అంటారు మర్యాదగా.

ఆస్టిన్ కారులో కూర్చుని చీఫ్‌కి ఫోన్ కొట్టాడు. చీఫ్ పేరు రష్మి. మాటలు పొదుపు.

"సుహాస్‌ని ఎత్తుకురా. నాలుగు తగిలించు."

"లాభం లేదు మేడమ్. ఆరున్నర దాకా నోరు మూసుకుంటే వాడు గెలిచినట్టే. అది వాడికీ తెలుసు."

"మరి?"

"ఆరున్నర దాటిపోయిందని వాడు నమ్మాలి. అప్పుడు దాచడానికి ఏమీ ఉండదు."

"నీకు పిచ్చి. కానివ్వు."

సుహాస్‌కి ముఠా ఆశ పెట్టింది డబ్బు కాదు. బాంబు పెట్టి మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కితే, దిగిన చోట ఒక ప్రైవేట్ పడవ. మూడు దీవులు, తెల్లటి బీచ్‌లు, అద్దంలా కదలని నీళ్ళ మడుగులు, వాటినే లగూన్లంటారు, పక్కన భువన. వారం రోజులు దీవి నుంచి దీవికి తిరిగి, కొత్త పేరుతో కొత్త దేశం. వాడు ఆ పడవ ఫొటోని ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు, వెధవ.

పదింటికి శ్రీనగర్ కాలనీలో ఒక మూసేసిన షాపు ముందు భువన ఆస్టిన్ కారెక్కింది.

"వీరయ్యకి చాయ్ నువ్విచ్చావా?"

"వాళ్ళు ఇమ్మన్నారు. ఇవ్వకపోతే నామీద అనుమానం వచ్చేది." ఆమె అద్దంలో లిప్‌స్టిక్ సరిచూసుకుంది. "బాంబు ఎక్కడో నాకు చెప్పలేదు. ఒట్టు. నన్నేం చెయ్యమంటావో చెప్పు."

ఆస్టిన్ చెప్పాడు. ఆమె విని, ఒక్కటే అడిగింది.

"అయ్యాక నాకు పాస్‌పోర్ట్ కావాలి. కొత్త పేరుతో. ఇక్కడుంటే వాళ్ళు చంపుతారు. వాళ్ళు చంపకపోతే మీరు లోపలేస్తారు. నన్ను వదిలెయ్యాలి."

"ఇస్తాను," అన్నాడు ఆస్టిన్. అతని చొక్కా చేతికి వీరయ్య నోటి నురగ ఇంకా ఆరలేదు.

పదకొండింటికి ఎయిర్‌పోర్ట్ దారిలో భువన ఇచ్చిన బత్తాయి రసం తాగి సుహాస్ హాయిగా నిద్రపోయాడు. అదే టైముకి ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత స్టూడియో ఫ్లోర్‌లో ఆస్టిన్, ప్రొడక్షన్ మేనేజర్ రాజబాబు ముందు నిలబడ్డాడు. రాజబాబు నరసాపురం మనిషి, పాతికేళ్ళ సర్వీసు. ఆస్టిన్ అసలు ఉద్యోగం తెలిసిన ఒకే ఒక్క సినిమావాడు.

"రాజబాబూ, నాలుగింటికల్లా సముద్రం కావాలి."

"ఎంత సముద్రమండీ?"

"పడవలో కూర్చున్నవాడికి సరిపడా."

"దొరుకుద్దండీ."

దొరికింది కూడా. ఆగిపోయిన సినిమా తాలూకు పడవ గోడౌన్‌లో పడుంది. దాన్ని తెచ్చి ఊగే జాకీల మీద ఎక్కించారు. చుట్టూ అర్ధచంద్రంలా ఎల్‌ఈడీ స్క్రీన్. దాని మీద, ఎవరో పాట కోసం మూడు దీవులు తిరిగి తీసుకొచ్చిన లొకేషన్ వీడియో. ఎండకి పెద్ద లైట్లు, గాలికి ఫ్యాన్లు, ఉప్పునీళ్ళు చల్లడానికి పంపు, వాసనకి రెండు గంపల పచ్చిరొయ్యలు. సుహాస్‌కి ఒక రోజు గడ్డం ఎక్కువ చేసి, కళ్ళు మసకబారే చుక్కలు వేసి, చేతి వాచీని మర్నాటి పొద్దున పదకొండుకి తిప్పారు. ఇటు పోలీసులు ఆ సాయంత్రం సుహాస్ చేస్తున్న సినిమా ఫంక్షన్ గ్రౌండ్‌ని కుక్కలతో రెండుసార్లు వెతికారు. ఏమీ దొరకలేదు. ఇంక నగరంలో ఎక్కడైనా ఉండొచ్చు.

ఐదూ నలభైకి సుహాస్ కళ్ళు తెరిచాడు. కంట్రోల్ బూత్‌లో ఆస్టిన్ మానిటర్ మీదికి వంగాడు.

"వచ్చేశామా?"

"నిన్ననే వచ్చేశాం," అంది భువన. "ఫ్లైట్‌లో వాంతులు చేసుకున్నావు. అదీ నా ఒళ్ళో. బిళ్ళ వేసి పడుకోబెడితే ఇప్పుడు లేస్తున్నావు."

"సారీ రా. నాకేం గుర్తులేదు."

"నాకు గుర్తుంది. ఆ డ్రెస్ సముద్రంలో పారేశాను."

వాడు సిగ్గుతో తల దించుకున్నాడు. సిగ్గుపడ్డవాడు ప్రశ్నలు వెయ్యడు. ఆ మాట ఎవరూ రాసివ్వలేదు, భువన సొంతంగా అంది. బూత్‌లో రాజబాబు మెచ్చుకోలుగా తలూపాడు, మోగుతున్న తన ఫోన్‌ని కట్ చేస్తూ.

మొదటి దీవి మెల్లగా వెనక్కి జరిగిపోయింది. కొబ్బరిచెట్లు, ఖాళీ బీచ్. పడవ ఊగుతోంది. సుహాస్ చెయ్యి చాచి తుంపర పట్టుకుని నవ్వాడు. రెండో దీవి వచ్చింది. పడవ లగూన్‌లోకి తిరిగినట్టు వీడియో తిరిగింది, నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. అప్పుడు అడిగాడు.

"న్యూస్ చూశావా? ఎంతమంది పోయారట?"

సినిమా టికెట్లు ఎన్ని తెగాయని అడిగినట్టు అడిగాడు.

"పేలలేదు," అంది భువన.

"పేలకపోవడమేంటి?"

"నాకేం తెలుసు? నువ్వసలు పెట్టనే లేదని నీకీ పని అప్పజెప్పినవాళ్ళు ఫోన్ చేసి అంటున్నారు. పడవని మూడో దీవి దగ్గర ఆపమన్నారు. అక్కడ వాళ్ళ మనుషులున్నారట. సుహాస్, నాకు భయంగా ఉంది. పోలీసులకి దొరక్కముందే దాన్ని తీసెయ్యడానికి హైదరాబాద్‌లో వాళ్ళ మనిషి రెడీగా ఉన్నాడు. నిజంగా పెట్టావని తెలిస్తే మనల్ని వదిలేస్తారు. ఎక్కడ పెట్టావో చెప్పు, ఇప్పుడే ఫోన్ చేస్తాను."

సుహాస్ మొహం తెల్లబోయింది. బూత్‌లో గడియారం ఆరూ ఇరవై.

"ఫంక్షన్ స్క్రీన్‌లో పెట్టాను. స్టేజీకి కుడిపక్క పెట్టే ఎల్‌ఈడీ స్క్రీన్. అందులో కింది నుంచి రెండో వరుస, చివరి ప్యానెల్."

ఆస్టిన్ ఫోన్ అందుకున్నాడు. గ్రౌండ్‌కి చెప్పాలి, ఇంకా పది నిమిషాలుంది. నంబర్ నొక్కబోతుంటే రాజబాబు అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్... ఆ స్క్రీన్ గ్రౌండ్‌లో లేదండీ."

"మరెక్కడుంది?"

రాజబాబు మానిటర్ వైపు చూశాడు.

ఫిల్మ్‌నగర్‌లో దీన్ని అడ్జస్ట్‌మెంట్ అంటారు. ఒకరి పనికి బుక్కయిన సామాను ఇంకొకరు పగలు వాడేసుకుని, తుడిచి, సాయంత్రానికి అసలు చోటుకి పంపేస్తారు. అసలువాళ్ళకి చెప్పరు. ఒక్కపూటలో సముద్రం కావాలంటే రాజబాబు ఏం చేస్తాడు? సాయంత్రం ఫంక్షన్‌కి వెళ్ళాల్సిన కుడిపక్క స్క్రీన్‌ని 'నాలుగింటికి పంపేస్తానండీ' అని గోడౌన్ నుంచి పట్టుకొచ్చేశాడు. ఇందాకటి నుంచి మోగుతున్నది గోడౌన్ వాడి ఫోనే. కుక్కలకి గ్రౌండ్‌లో ఏం దొరుకుతుంది మరి? బాంబు ఇక్కడ లగూన్ చూపిస్తోంది.

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు సముద్రం అడిగారండీ. ఎక్కణ్ణించి తెచ్చావని అడగలేదు."

తిట్టడానికి టైము లేదు. బాంబ్ స్క్వాడ్ క్రాంతికుమార్ ముందుజాగ్రత్తగా బయట వ్యాన్‌లో కూర్చునే ఉన్నాడు. స్క్రీన్ వెనక్కి పాకుతూ వెళ్ళి, టార్చి వేసి చూసి, ఇయర్‌పీస్‌లో గొణిగాడు.

"ఉన్నది అన్నా. మూతకు స్విచ్ కట్టిండు. గిట్లనే తీస్తే అందరం పోతం. ఎట్ల తియ్యాల్నో ఆయన్నే అడుగుర్రి."

ఆస్టిన్ మాట, భువన జుట్టు కింద దాచిన ఇయర్‌పీస్‌లోంచి ఆమె చెవిలో పడింది. ఆమె సుహాస్ చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళ మనిషి దాన్ని తీస్తే ఏం కాదు కదా? వాడు పోతే మనమీదకే వస్తుంది."

"ప్యానెల్‌కి కరెంటు ఆపి, ఐదు నిమిషాలు ఆగి మూత తియ్యాలి. తొందరపడితే పేలుతుంది."

ఆరూ ఇరవైమూడు. లైట్‌మెన్లనీ మేకప్‌వాళ్ళనీ సైగలతో బయటికి పంపేశారు. రాజబాబు కదల్లేదు. స్క్రీన్ తన పూచీ మీద తెచ్చాడట.

"ఐదు నిమిషాలు వాడి మొహం నీ వైపే ఉంచు," అన్నాడు ఆస్టిన్ భువన చెవిలో. "కుడిపక్కకి చూడనివ్వకు." ఎందుకో చెప్పలేదు. చెప్తే లేచి పరిగెడుతుందని అతని భయం.

క్రాంతికుమార్ ప్యానెల్ కరెంటు తీశాడు. ఆకుపచ్చ లగూన్ చివర, కొబ్బరిచెట్టు మొదట్లో, పెట్టె మూతంత నల్లటి చదరం పడింది. దాని సందులోంచి టార్చి వెలుగు సన్నగా కదులుతోంది.

భువన సుహాస్ భుజం మీదుగా అది చూసింది. ఇందాక వాడు చెప్పిన వరుస లెక్కపెట్టుకుంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం ఆస్టిన్ మానిటర్‌లో స్పష్టంగా చూశాడు. తలుపు ముప్ఫై అడుగుల దూరం. ఆమె చూపు అటు వెళ్ళింది, తిరిగొచ్చింది. సుహాస్ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"మూడో దీవిలో ఏం చేద్దాం?"

"వాళ్ళ మనుషులున్నారన్నావుగా."

"నువ్వు నిజం చెప్పేశావుగా, వెళ్ళిపోతారు. ఇంక మనిద్దరమే. చెప్పు."

వాడు చెప్పాడు. ఒడ్డునే గది తీసుకుంటాడట. పొద్దున లేచి ఆమెకి ఈత నేర్పుతాడట. సాయంత్రాలు జాలరులు తెచ్చిన చేప కాల్పించుకుని తింటారట. చిన్నప్పుడు బోరబండలో ఒక్క గదిలో ఏడుగురు పడుకునేవాళ్ళట, సముద్రం మొదటిసారి చూసిన రోజు ఇంటికి పోనని ఏడ్చాడట. చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదే మనిషి ఇందాక శవాల లెక్క అడిగినప్పుడు కంట్లో తడి లేదు. భువన వాడి కళ్ళు తుడిచింది. ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. వాడు దాన్ని ప్రేమే అనుకున్నాడు.

ఆరూ ఇరవై ఎనిమిది. మూత ఊడింది.

"రెండు క్లిప్పులున్నయ్ అన్నా. ఏది ముందుగాల?"

ఆస్టిన్ అందించిన ఆ ప్రశ్నే భువన సుహాస్‌ని అడిగింది. సుహాస్ భృకుటి ముడిపడింది.

"ఇన్ని ఎందుకు అడుగుతున్నావు?" తల కుడివైపు తిరగబోయింది.

ఆమె వాడి గడ్డం పట్టి గట్టిగా తన వైపు తిప్పుకుంది. "పెళ్ళి చేసుకోబోయేవాడు నా దగ్గర ఏమైనా దాస్తాడేమో చూద్దామని."

"పెళ్ళా? నిజంగానా?"

"మూడో దీవిలోనే."

సుహాస్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. అలా నవ్వుతూ కొన్ని సెకన్లు కూర్చుండిపోయాడు, ఆ సెకన్లలో ఆస్టిన్‌కి చెమటతో చొక్కా తడిసిపోయింది.

"కింది క్లిప్పు ముందు," అన్నాడు సుహాస్ చివరికి. "తర్వాత పైది."

క్రాంతికుమార్ పీకాడు. లోపలి గడియారంలో ఇంకా ఏడు సెకన్లున్నాయి. అతను నేల మీద చతికిలబడ్డాడు.

"మొత్తం ఆపెయ్," అన్నాడు ఆస్టిన్.

సముద్రం ఆరిపోయింది. దీవి పోయింది, ఎండ పోయింది, ఫ్యాన్లు ఆగాయి. పైన ట్యూబ్‌లైట్లు వెలిగాయి. నల్ల గుడ్డలు, ఇనుప కమ్మీలు, రొయ్యల గంపలు, వాటి మధ్య జాకీల మీద ఒక పాత పడవ. సుహాస్ కళ్ళు నులుముకుంటూ అటూ ఇటూ చూశాడు.

"లగూన్ ఏది?" అన్నాడు.

ఆస్టిన్ వెళ్ళి తన వాచీ చూపించాడు. ఆరూ ముప్ఫై ఒకటి, తారీఖు ఇవాళ్టిదే. సుహాస్ వాచీ వంక చూడలేదు, భువన వంకే చూశాడు. ఆమె అప్పటికే పడవ దిగి, తడి జుట్టు ముడి వేసుకుంటోంది. బేడీలు వేస్తున్నప్పుడు కూడా వాడు అలాగే చూస్తున్నాడు.

"నా పాస్‌పోర్ట్," అని భువన చెయ్యి చాచింది.

ఆస్టిన్ కవరు ఇచ్చాడు. ఆమె తీసి, తన ఫొటో కింద కొత్త పేరు చదివింది. లీలాకుమారి. పేరు బాగుందన్నట్టు నవ్వి, అలవాటుగా బొటనవేలితో ముద్ర మీద రుద్దింది. వేలికి నీలం రంగు అంటుకుంది. ఎన్ని సినిమాల్లో చూసిందో అలాంటివి.

"ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌దా?"

"మధ్యాహ్నం చేయించాను. ఆరడానికి టైము చాల్లేదు."

"చచ్చిపోతానని తెలిసి కూడా ఆ పడవలో కూర్చున్నాను. నీ మాట నమ్మి."

"తెలుసు. అలాంటి పని ఇంకెవరూ చెయ్యలేరు." ఆస్టిన్ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకి కాస్త తేలిగ్గా ఉండేదేమో. "వీరయ్య ఇల్లు బోరబండలో. నేనిప్పుడు వెళ్ళి కొమురమ్మకి మొగుడు పోయాడని చెప్పాలి. పద, బండి బయటుంది."

ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు ఆమెకి చెరోపక్క నిలబడ్డారు. భువన ఏడవలేదు, తిట్టలేదు. గుమ్మం దాటి వ్యాన్ తలుపు దగ్గరికొచ్చాక ఆగిపోయింది. లోపల సుహాస్ కూర్చుని ఉన్నాడు. ఆమెకి చోటు ఉంచడం కోసం కాస్త పక్కకి జరిగాడు.

"ఆస్టిన్, నన్ను వేరే బండిలో పంపు," అంది. పొద్దుట్నుంచి ఆమె నోట వచ్చిన నిజమైన మాట అదొక్కటే. "కాళ్ళు పట్టుకుంటాను."

"ఒక్కటే దొరికిందండీ," అన్నాడు రాజబాబు నొచ్చుకుంటూ. "జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ జామ్. జైలుకి గంటన్నర పట్టుద్ది. సార్, ఇద్దరి మధ్యలో ఎవరినైనా కూర్చోబెట్టమంటారా?"

ఆస్టిన్ తలుపు బయటినుంచి గడియ వేశాడు.

"అక్కర్లేదు. పెళ్ళి చేసుకోబోయేవాళ్ళు, మాట్లాడుకోనీ."